మంటలలోనివాని కొరకు ప్రాణమొడ్డవలెనా?

ఇల్లు కాలుచున్నది. లోపల ఒక మనిషి చిక్కుకొని యున్నాడు. బయట నిలిచినవాడు లోనికి దూకవలెనా, కూడదా? దూకినవాడు వీరుడనియు, దూకనివాడు పిరికివాడనియు లోకము సులభముగా తీర్పు చెప్పును. ధర్మము అంత సులభము కాదు.

చెన్నపట్టణము టి. నగర్ వర్తకులకు ఇది గ్రంథములలోని ప్రశ్న మాత్రమే కాదు. 2008 సెప్టెంబరు 1వ తేదీన రంగనాథన్ వీధిలోని ఒక పెద్ద దుకాణము కాలి ఇద్దరు పనివారు మరణించిరి. 2017 మే 31వ తేదీన ఉస్మాన్ రోడ్డులోని చెన్నై సిల్క్స్ భవనములో పుట్టిన మంట ఒక పగలు, ఒక రాత్రి గడచినను చల్లారలేదు. భవనములో కొంత భాగము కూలిపోయెను. పై అంతస్తున చిక్కినవారిని అగ్నిమాపక దళమువారు ముందే దింపిరి గనుక వారు బ్రతికిరి.

మంటకంటె ముందు పొగ చంపును. ముక్కునకు తడిగుడ్డ కట్టినంత మాత్రమున విషవాయువు ఆగదు. త్రోవ తెలియక దూకినవాడు ఒకరిని రక్షింపకపోగా, తనకొరకు మూడవవానిని ఆపదలోనికి లాగును. దయతో చేసినను వివేకము లేనిచో అది హింసను పెంచును. అయినను, త్రోవ కనబడుచు, చేయి చాచిన అందు దూరమున ప్రాణి యుండగా, "నాకేల" యని తొలగుట అహింస కానేరదు. ఇక సరుకు కొరకు, గల్లాపెట్టె కొరకు ఒక్క అడుగైనను వేయరాదు. తన ప్రాణమును తాను ఒడ్డవచ్చును గాని, పనివాని ప్రాణమును ఒడ్డుమని చెప్పు హక్కు యజమానికి లేదు.

జ్ఞాతాధర్మకథలో మేఘకుమారుని పూర్వజన్మ వృత్తాంతము కలదు. అప్పుడాతడు వింధ్యారణ్యమున ఏనుగు. వెనుకటి దావానలము జ్ఞప్తికి రాగా, చెట్లు పెరికి విశాలమైన మైదానము సిద్ధము చేసెను. మరల అడవి అంటుకొనగా మృగములన్నియు అచట చేరెను. ఏనుగు ఒడలు గోకుకొనుటకు కాలెత్తగా, ఆ చోట ఒక కుందేలు దూరెను. దానిని త్రొక్కలేక ఏనుగు రెండున్నర దినములు కాలెత్తియే నిలిచి, తుదకు కూలి ప్రాణము విడిచెను.

ఆ కుందేలు కొరకు చూపిన ఓర్పును అందరును కొనియాడుదురు. కాని మంట రాకముందే చెట్లు పెరికిన పనిని తలచువారు తక్కువ. ఆ మైదానమే లేకున్నచో కుందేలును లేదు, మిగిలిన మృగములును లేవు. ఏనుగు మంటలోనికి దూకలేదు. తాను ముందుగా చేసిన చోట నిలిచి ప్రాణమిచ్చెను.

కనుక వర్తకునికి ఈ ప్రశ్న మంటలు లేచిన నాడు పుట్టునది కాదు. మెట్లమీద బేళ్లు పేర్చిననాడు, దొంగల భయమున వెనుక తలుపునకు తాళము వేసిననాడు, పనివారిని పై గదిలో పండుకొనుమన్ననాడు పుట్టును. ఆనాడు చూపని దయకు బదులుగా ఎవడో ఒకడు తరువాత ప్రాణమియ్యవలసి వచ్చును.

దీపావళి మహావీరస్వామి నిర్వాణదినము. దుకాణములు సరుకుతో నిండు కాలమును అదియే. క్రొత్త ఖాతా తెరచుటకు ముందు వెనుక తలుపు తెరచి, మెట్లు ఖాళీగా నున్నవో లేవో చూచుకొనుట అభయదానమే యగును.