తఖ్దీర్: ఒకే మాట, రెండు నోళ్లు

గల్ఫ్ నుండి శవపేటిక వచ్చిన ఇంటికి పరామర్శకు వెళ్లడం పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మనలో చాలామందికి కొత్త కాదు. ఆ ఇంట్లో తల్లి “అల్లాహ్ రాసిందే అయింది” అంటుంది. మనం తల వంచుకుంటాం. పని వీసా అని నమ్మించి విజిట్ వీసా మీద పంపిన ఏజెంటు కూడా, డబ్బు సంగతి ఎత్తగానే, “నా చేతిలో ఏముంది, వాడి తఖ్దీర్” అంటాడు. ఇద్దరిదీ ఒకే మాటేనా?

ఏజెంటు మాట వెనుక నిజమైన ప్రశ్న ఒకటి ఉంది. అల్లాహ్ సర్వజ్ఞుడు. జరగబోయేది ఆయనకు ముందే తెలుసు, ఆ జ్ఞానం తప్పదు. అలాంటప్పుడు ఆ మనిషి మోసం చేయకుండా ఉండగలిగేవాడా?

ఎగువన మహారాష్ట్రలో భారీ వానలు పడితే గోదావరికి వరద వస్తుందని శ్రీరాంసాగర్ అధికారులు ముందే హెచ్చరిస్తారు. వాళ్లకు తెలిసినందువల్ల వరద రాదు. ఈ పోలిక కొంతవరకే పనికొస్తుంది. అధికారుల అంచనా తప్పవచ్చు, అల్లాహ్ జ్ఞానం తప్పదు. పైగా ఆయన అనుమతి లేనిదే ఆకు కూడా రాలదు. అయితే అనుమతించడం వేరు, ఇష్టపడటం వేరు. ఇంతకూ అల్లాహ్‌కు తెలిసింది ఏమిటి? ఇతడు మోసం చేస్తాడని మాత్రమే కాదు, మానుకునే వీలుండి కూడా డబ్బు కోసం తన ఇష్టంతోనే చేస్తాడని. అతని ఎంపిక కూడా ఆ జ్ఞానంలో భాగమే. మానుకునేవాడే అయితే, మానుకుంటాడనే ఆయనకు ఆది నుండి తెలిసి ఉండేది. నోట్లు లెక్కపెట్టుకునే వేళ తన రాతలో ఏముందో ఏజెంటుకు తెలియదు కదా! తెలియని రాతను చూసి అతడు మోసం చేయలేదు, నోట్లను చూసి చేశాడు.

(మనిషికి ఏ స్వేచ్ఛా లేదన్న జబ్రియా వర్గం, విధివ్రాతనే కాదన్న ఖదరియా వర్గం మన చరిత్రలో ఉన్నాయి. ఆ వాదాల జోలికి ఇక్కడ పోవడం లేదు.)

అల్లాహ్ తలిస్తే మేము షిర్క్ చేసేవాళ్లమే కాదన్న ముష్రిక్కుల సాకును దివ్యఖుర్ఆన్ సూరా అన్ఆమ్ 148వ ఆయతులో తిరస్కరించింది. ఆపద ముందే రాసి ఉందన్న విషయాన్ని సూరా హదీద్ 22, 23 ఆయతులు చెప్పింది మాత్రం, పోయినదాని కోసం కుమిలిపోవద్దని. అంటే తఖ్దీర్ ఆపదలో ఓదార్పే గానీ, పాపానికి సాకు కాదు.

ముందుజాగ్రత్త మానుకోవడానికీ అది సాకు కాదు. సిరియాలో ప్లేగు ప్రబలిందని విని హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ నుండి వెనుదిరిగారు. దైవ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక దైవ నిర్ణయం నుండి మరో దైవ నిర్ణయం వైపుకే వెళుతున్నామని ఆయన జవాబిచ్చారు. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందా లేదా అని చూసుకోవడం కూడా అలాంటిదే. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపడాన్ని 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం నేరంగా పేర్కొంది.

మా బాధ ఏజెంటు గురించే కాదు. పంచాయతీలో కూర్చుని “తఖ్దీర్ అనుకుని సబర్ చెయ్యమ్మా” అని ఆ తల్లిని పంపించేసే పెద్దలం మనమే. ఆమె అప్పటికే సబర్ చేసింది. మనం అడగవలసింది అతన్ని. అతడు తీసుకున్న పైకం దాసుల హక్కు, హుఖూఖుల్ ఇబాద్. దానికి తౌబా ఒక్కటే చాలదు, పైకం ఆ ఇంటికి తిరిగి చేరాలి.