శతాధిపతి తానే వచ్చాడా? మనుషులను పంపాడా?



కొన్నేళ్ల క్రితం యౌవనస్థుల కూడికలో ఒక తమ్ముడు లేచి నన్ను అడిగాడు. “అన్నా, మత్తయి 8లో శతాధిపతి తానే యేసు దగ్గరికొచ్చి వేడుకున్నాడు. లూకా 7లో ముందు యూదుల పెద్దలను పంపాడు, తర్వాత స్నేహితులను పంపాడు. ఏది నిజం?”

నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. “ఇలాంటి ప్రశ్నలు సాతాను పెట్టేవి, ఊరికే నమ్ము” అని గద్దించి కూర్చోబెట్టాను. ఆ తమ్ముడు మళ్లీ కూడికకు రాలేదు.

ప్రియులారా, ఆ రెండు భాగాలూ పక్కపక్కన పెట్టి చదవండి. ఊరు ఒకటే, కపెర్నహూము. దాసుని జబ్బు ఒకటే. ప్రభువు ఇంటికి రానక్కర్లేదు, ఒక్క మాట అంటే చాలు అన్న విశ్వాసమూ ఒకటే. తేడా అంతా ఆ మనవిని ఎవరు మోసుకొచ్చారన్న దగ్గరే.

“మా నాన్న ఈ ఇల్లు కట్టాడు” అంటాం. ఇటుక పేర్చింది మేస్త్రి. మనం అబద్ధమాడామా? లేదు కదా! చేయించినవాడు చేసినట్టే లెక్క. బైబిలు కూడా ఇలాగే మాట్లాడుతుంది. యోహాను 3:22లో యేసు బాప్తిస్మమిచ్చాడని ఉంది. 4:2కి వస్తే, ఇచ్చింది ఆయన కాదు, శిష్యులేనని ఉంది. రాసినవాడు ఒక్కడే! అంతెందుకు, లూకా 7:5లో ఈ శతాధిపతి గురించే “సమాజమందిరం తానే కట్టాడు” అన్నట్టు గ్రీకు మూలంలో ఉంది. అతడు రాళ్లు మోశాడని ఎవరైనా అనుకుంటారా? క్రీ.శ. 400 ప్రాంతంలోనే అగస్టీను ఈ చిక్కును ఇదే దారిలో విప్పాడు.

చివరికి శతాధిపతి తానే బయటికి వచ్చి ఉంటాడని కొందరు చెబుతారు. లూకా ఆ మాట రాయలేదు గనుక నేను పట్టుబట్టను.

మరి ఇద్దరూ ఒకేలా ఎందుకు రాయలేదు? మత్తయి ఆ అన్యుని విశ్వాసాన్ని సూటిగా చూపించి, తూర్పు పడమరల నుండి అనేకులు వచ్చి అబ్రాహాముతో కూర్చుంటారన్న ప్రభువు మాట దగ్గరికి మనల్ని తీసుకెళ్తాడు. లూకా అతని తగ్గింపును చూపిస్తాడు. పెద్దలు “ఇతడు యోగ్యుడు” అన్నారు. అతడేమో “నేను యోగ్యుణ్ణి కాను” అని కబురు పెట్టాడు. ఒక్క సువార్తే ఉంటే మనకు సగమే దక్కేది.

ఆ రోజు నాలో లేనిది ఆ తగ్గింపే. సంఘ పెద్దలారా, తల్లిదండ్రులారా, పిల్లలు అడిగితే నోరు మూయించకండి. “తెలియదు, కలిసి చదువుదాం” అనండి. సత్యం ప్రశ్నకు భయపడదు.

తమ్ముడూ, ఇది నీ కంటపడితే నన్ను క్షమించు. నీ ప్రశ్న తప్పు కాదు, నా జవాబే తప్పు. నువ్వు దూరంగా ఉన్నా ఆయన మాట నిన్ను చేరగలదు. ఆ దాసుడు బాగుపడింది కూడా దూరం నుండే.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.