వడ్డించేవాడు మనవాడైతే

పెంతెకొస్తును సంఘం పుట్టినరోజు అంటారు. ఆ ఉదయం యెరూషలేములో జరిగినదాన్ని తెలుగు విశ్వాసులకు కొత్తగా చెప్పక్కర్లేదు. పెనుగాలి లాంటి ధ్వని, అగ్ని నాలుకలు, పార్తీయులూ మాదీయులూ ఏలామీయులూ మొదలు రోమా నుంచి వచ్చినవాళ్ల దాకా ఎవరి భాషలో వాళ్లకు వినిపించిన మాటలు, పేతురు ప్రసంగం, ఆ రోజే దాదాపు 3,000 మందికి బాప్తిస్మం. పండుగనాటి ప్రసంగాలు చాలావరకు అక్కడితో ముగుస్తాయి. నాకు మాత్రం సంఘం అంటే ఏమిటో కొంత అర్థమయ్యేది ఇంకో నాలుగు అధ్యాయాలు దాటాక, అన్నం దగ్గర గొడవ వచ్చిన చోట.

ముందు ఆ మాట సంగతి. సంఘానికి కొత్త నిబంధన వాడిన గ్రీకు మాట ఎక్లేసియా. గ్రీకు పట్టణాల్లో పిలుపు అందుకుని ఊరి వ్యవహారాలు తేల్చడానికి కూడిన పౌరుల సభకు అది పేరు. హెబ్రీ లేఖనాలను గ్రీకులోకి తెచ్చినవాళ్లు ఇశ్రాయేలు సమాజానికీ చాలాచోట్ల దాన్నే వాడారు. నాలుగు సువార్తల్లో ఈ మాట కనిపించేది మత్తయిలో మాత్రమే. 16వ అధ్యాయంలో, ఫిలిప్పుదైన కైసరయ ప్రాంతంలో, యేసు పేతురుతో బండ గురించి మాట్లాడినప్పుడు ఒకసారి. 18వ అధ్యాయంలో, సహోదరుడు తప్పు చేస్తే ఏం చెయ్యాలో చెప్పినప్పుడు మళ్లీ. పునాది గురించి ఒక చోట, తగవు గురించి మరో చోట. భవనం ఊసు రెండు చోట్లా లేదు. ఈ విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులం. కట్టడానికి చర్చి అనో మందిరం అనో అంటాం, అందులో కూడే మనుషుల్ని సంఘం అంటాం. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట.

ఇక అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. శిష్యుల సంఖ్య పెరుగుతోంది. రోజూ విధవరాండ్రకు ఆహారం పంచుతున్నారు. గ్రీకు మాట్లాడే యూదులు హెబ్రీయుల మీద సణగడం మొదలుపెట్టారు, మా విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని. సణుగుడికి ఆ పుస్తకం రాసిన లూకా వాడిన గ్రీకు మాట గొంగుస్మోస్. పైకి అనుకుంటే మన గొణుగుడికి చుట్టంలా వినిపిస్తుంది. ఏ భాషలోనైనా గొంతులో నలిగే చప్పుడు ఒకటే కాబోలు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు తిండి లేదని మోషే మీద సణిగినప్పుడు గ్రీకు లేఖనాల్లో ఉన్నదీ ఈ మాటే.

యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాండ్రు ఎక్కడి నుంచి వచ్చారు? తరతరాలుగా పరదేశాల్లో స్థిరపడ్డ యూదులు కొందరు వృద్ధాప్యంలో పవిత్ర నగరంలో కన్నుమూయాలని తిరిగి వచ్చేవారనీ, భర్త పోయాక ఆ ఇల్లాలు నా అన్నవాళ్లు లేని ఊళ్లో మిగిలిపోయేదనీ పండితులు ఊహిస్తారు. అలాంటి గ్రీకు యూదులు అక్కడ ఉన్నారనడానికి రాతి సాక్ష్యమే ఉంది. 1913-14 తవ్వకాల్లో యెరూషలేములో పది పంక్తుల గ్రీకు శాసనం ఒకటి దొరికింది. ధర్మశాస్త్రం చదవడానికీ, ఆజ్ఞలు నేర్పడానికీ, పరదేశం నుంచి వచ్చేవాళ్లు బస చెయ్యడానికీ థియోదోతు అనే యాజకుడు సమాజమందిరం కట్టించాడని అందులో ఉంది. క్రీ.శ. 70లో నగరం నాశనం కాకముందుదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

పెంతెకొస్తునాడు భాషల గోడ కూలింది. కొన్నాళ్లకే అన్నం వడ్డించే చోట అదే గోడ మళ్లీ లేచింది. పంక్తిభేదం మహా పాపమని మన పెద్దలు ఊరికే అనలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్న సామెత పుట్టిందీ ఇలాంటి బంతిలోనే.

పన్నెండుమంది అపొస్తలులు ఏం చేశారు? సణిగేవాళ్లను విశ్వాసం చాలనివాళ్లని గద్దించలేదు. సంఘంలో చీలికలు తెస్తున్నారనీ అనలేదు. అందరినీ పిలిచి, మంచి పేరున్న ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడుకు ఏడూ గ్రీకు పేర్లే. పేరును బట్టి మనిషిని తేల్చలేం, నిజమే. పన్నెండుమందిలోనూ అంద్రెయ ఉన్నాడు. కానీ జాబితా మొత్తం ఇలా ఉండటం యాదృచ్ఛికం అనుకోను. నీకొలాసైతే పుట్టుకతో యూదుడు కూడా కాదు, అంతియొకయ నుంచి వచ్చి యూదుమతంలో చేరినవాడు. గరిటె ఫిర్యాదు చేసినవాళ్ల చేతికే ఇచ్చారు. ఇకపై హెబ్రీ విధవరాలి విస్తరి కూడా వీళ్ల దయ మీదే. ఇంత ధైర్యం చేసే కమిటీలు ఇవాళ ఎన్ని ఉంటాయో!

వాక్యం మాని ఆహారం పంచడం మాకు తగదని అపొస్తలులు అన్నారు కదా, వడ్డన తక్కువ పనేగా అని కొందరు వాదిస్తారు. లూకా అలా చూడలేదు. రోజువారీ పంపకానికీ వాక్య సేవకూ ఆయన రాసింది ఒకే మాట, దియకోనియ. మన బైబిలులో పరిచర్య. పైగా తర్వాతి రెండు అధ్యాయాలను నింపేసింది బల్లల దగ్గర నిలబెట్టిన ఈ మనుషులే. స్తెఫను ప్రసంగం ఆ పుస్తకంలోకెల్లా పొడవైనది. సర్వోన్నతుడు చేతులతో కట్టిన మందిరాల్లో నివసించడని అందులో అన్నాడు. ఆ ప్రసంగం విని శ్రోతలు పళ్లు కొరికారు, చివరికి అతన్ని రాళ్లతో కొట్టి చంపారు. ఫిలిప్పు సమరయకు వెళ్లాడు, గాజా దారిలో ఐతియొపీయుడైన ఒక అధికారికి బాప్తిస్మం ఇచ్చాడు.

స్తెఫను చావుతో మొదలైన హింసకు చెదిరిపోయినవాళ్లలో కుప్ర, కురేనే వాళ్లు కొందరు అంతియొకయ చేరి, అక్కడి గ్రీసుదేశస్థులతోనూ ప్రభువు గురించి మాట్లాడారు. అలా అక్కడ సంఘం ఏర్పడింది. శిష్యులను మొదటిసారి క్రైస్తవులు అన్నది ఆ ఊళ్లోనే.

తర్వాత క్లౌదియ చక్రవర్తి కాలంలో కరువు వచ్చింది. యూదయలో తిండికి అల్లాడుతున్నవాళ్ల కోసం అదియాబేనె రాణి హెలెన ఐగుప్తు నుంచి ధాన్యం, కుప్ర నుంచి ఎండిన అంజూరాలు తెప్పించిందని చరిత్రకారుడు జోసీఫసు రాశాడు. అంతియొకయ శిష్యులు కూడా ఎవరి శక్తికొద్దీ వాళ్లు వేసుకుని యూదయలోని సహోదరులకు సహాయం పంపారు. లూకా ఇక్కడా దియకోనియ అనే రాశాడు. ఒకప్పుడు యెరూషలేము పంపకంలో గ్రీకు విధవరాండ్రకు చాలకుండా పోయిన ఆహారం ఇప్పుడు గ్రీకు మాట్లాడే ఊరి నుంచి యెరూషలేముకు వెళ్తోంది. తీసుకువెళ్లినవాళ్లు ఇద్దరు. ఒకరు బర్నబా. రెండోవాడు సౌలు, స్తెఫను మీద రాళ్లు రువ్వే ముందు సాక్షులు పైబట్టలు విప్పి పెట్టింది ఈయన పాదాల దగ్గరే.