ఫార్వర్డ్ చేసిన మాట ఎవరిది?





ఆదివారం వందనకు కూర్చున్నప్పుడు మనం పంచశీల తీసుకుంటాం. నాలుగో శీలం దగ్గర అబద్ధం ఆడనని మాట ఇస్తాం. బయటికొచ్చి చెప్పులేసుకునే లోపే జేబులో ఫోన్ మోగుతుంది. ఎవరో పంపిన మెసేజ్. చదువుతాం. బాగుందనిపిస్తుంది, లేదంటే కోపమొస్తుంది. ఇంకో నాలుగు గ్రూపులకు పంపుతాం. ఆ మాట మనం పుట్టించలేదు. నోటితో అనలేదు. చేత్తో రాయను కూడా లేదు. మరి ఆ మాట ఎవరిది? అది అబద్ధమని తేలితే మనం తీసుకున్న శీలం సంగతేంది?

మన తాతలకు ఈ ప్రశ్న రాలేదు. కొత్తగూడెంలో 1950 ప్రాంతంలో పుట్టిన మనిషిని ఊహించుకోండి. మీ ఇంట్లోనే ఉండొచ్చు. ఆ మనిషి పలక మీద బలపంతో అక్షరాలు దిద్దాడు. సిరాబుడ్డిలో పాళీ ముంచి రాశాడు. పోస్టుకార్డు, ఇన్‌లాండ్ లెటర్, తంతి, గంటలకొద్దీ కాచుకునే ట్రంకాల్, ఎస్టీడీ బూత్, పైసా ఖర్చు లేకుండా కబురు చెప్పే మిస్డ్ కాల్, ఎస్సెమ్మెస్, ఇప్పుడు వాట్సాప్. ఇన్ని మార్పులు ఒక్క జీవితంలోనే చూశాడు. అన్నీ అనిత్యం అని సుత్తాల్లో చదువుతాం గద, ఆయన దాన్ని చేతివేళ్లతోనే చదివిండు. పనిముట్టు మారినప్పుడల్లా ఏది వదలాలె, ఏది పట్టుకోవాలె అన్నది మనం తేల్చుకోవాల్సిన విషయం.

పాత ఉత్తరంలో ఎవరు పెద్ద?

పాతకాలం ఉత్తరాలు ఎంత బాగుండేవని పెద్దలు అంటుంటారు. బాగుండేవే, రాయగలిగినవాళ్లకు. బొగ్గుబాయి పనికి ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చిన మనవాళ్లలో ఎంతోమందికి చదువు రాదు. జీతం తీసుకుని ఇంటికి మనియార్డరు చేస్తే, ఆ ఫారం కింది ముక్కలో రెండు మాటలు రాసుకునే చోటుండేది. ఆ రెండు మాటలు ఇంకొకరితో రాయించుకోవాలె. ఊళ్లో భార్య మరొకరితో చదివించుకోవాలె. పిల్లకు జొరం తగ్గిందా అని అడగటానికి కూడా మొగుడూ పెళ్లాల మధ్య ఇద్దరు పరాయివాళ్లు నిలబడాల్సి వచ్చేది. చదివిపెట్టేది పటేలింటి మనిషైతే, ఎంత పైకం వచ్చిందో అప్పిచ్చినవాడికి ముందే తెలిసిపోయేది.

ఇక ఆ ఉత్తరాల మర్యాదలు చూడండి. పైన ‘శ్రీరామ’. బ్రాహ్మణుడికైతే ‘బ్రహ్మశ్రీ’, పెద్దమనిషికైతే ‘మహారాజశ్రీ’, ముత్తయిదువకైతే ‘లక్ష్మీసమానురాలు’. భర్త పోయిన స్త్రీకి ‘గంగాభాగీరథీ సమానురాలు’. అంటే ఆమె పేరుకంటే ముందు ఆమె వైధవ్యాన్ని రాసేవాళ్లు. శుభకార్యం ఉత్తరానికి మూలల్లో పసుపు. చావు కబురైతే చదివి చింపేసేవాళ్లు. అర్జీ చివర ‘తమ విధేయ సేవకుడు’. మన వాడకు వచ్చే కార్డు మీద వీధి పేరుండాల్సిన చోట కులం పేరుండేది.

మర్యాద పైకి చిన్న విషయంగానే కనపడుతుంది. కానీ ఎవరిని ఎక్కువ అనుకుంటున్నామో, ఎవరిని తక్కువ అనుకుంటున్నామో అందులోనే బయటపడుతుంది. అందుకే దీక్ష తీసుకున్న మనవాళ్లు పెళ్లి పత్రిక మీద పాత శ్లోకాలు తీసేసి బుద్ధుడి బొమ్మ, బాబాసాహెబ్ బొమ్మ వేయించారు. ఎవరికి రాసినా మొదట ‘జై భీమ్’ అనే రాశారు. ఆఫీసరుకైనా, బాయిలో తట్ట మోసేవాడికైనా అదే జై భీమ్. కాబట్టి పాత మర్యాదలు పోయాయని మనం కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. వాటిలో పోవాల్సినవి చాలానే ఉన్నాయి.

నోటిమాట నీచమా?

ఒకప్పుడు గ్రాంథికంలో రాస్తేనే చదువుకున్నట్టు. అరసున్న ఎక్కడ పెట్టాలో తెలియనివాడు కలం పట్టడమే తప్పన్నట్టు ఉండేది. జనం మాట్లాడే భాషే పుస్తకాల్లో ఉండాలని గిడుగు రామమూర్తి (1863–1940) పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఈ తగాదా బుద్ధుడి ముందుకూ వచ్చింది. బ్రాహ్మణ కులంలో పుట్టి భిక్షువులైన ఇద్దరు అన్నదమ్ములు ఆయన దగ్గరకొచ్చి, రకరకాల కులాలవాళ్లు సంఘంలో చేరి తమ తమ మాటల్లో బుద్ధవచనాన్ని పాడుచేస్తున్నారని ఫిర్యాదు చేశారు. దాన్ని ఛందస్సులో పెడతామన్నారు. బుద్ధుడు వాళ్లను మందలించి, ధమ్మాన్ని ఎవరి భాషలో వాళ్లు నేర్చుకోవచ్చని చెప్పినట్టు వినయ పిటకంలో ఉంది.

ఇవాళ అక్షరం రాని తల్లి ఫోన్‌లో మైకు గుర్తు మీద వేలు పెట్టి, ‘తిన్నవా బిడ్డా’ అని దూరదేశంలో ఉన్న కొడుకుకు పంపుతుంది. చదివిపెట్టే పటేలు మధ్యలో లేడు. అడవి అంచున గూడెంలో ఉన్న కోయ అక్క తన భాషలోనే తన చెల్లెలికి కబురు చెప్తుంది. ఇది చిన్న విడుదల కాదు. కాబట్టి గ్రూపులో ఎవరైనా ఒత్తులు తప్పుగా రాస్తే, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తే ఎగతాళి చేయకండి. ఆ ఎగతాళి మన తాతలకు బాగా తెలుసు. అప్పుడు అది బడి గుమ్మం దగ్గర వినపడేది.

ధర పోయింది, ఆలస్యం పోయింది

అయితే పాత పద్ధతిలో రెండు అడ్డంకులుండేవి. వాటిని ఎవరూ శీలం కోసం పెట్టలేదు. కానీ శీలానికి సాయపడ్డాయి.

ఒకటి ధర. తంతికి మాటల లెక్కన పైసలు. ‘అమ్మ సీరియస్ బయలుదేరు’. మూడు మాటల్లో అంతా చెప్పాలె. తంతి వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. ఉబుసుపోక ఎవరూ తంతి కొట్టరని అందరికీ తెలుసు గనుక. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. ఇప్పుడు మాటకు ధర లేదు. పనికిరాని మాటలు మాట్లాడకుండా ఉండటం సమ్యక్ వాక్కులో ఒక భాగం. అప్పుడు జేబు ఆపేది. ఇప్పుడు మనసే ఆపాలె.

రెండోది ఆలస్యం. తమ్ముడి మీద కోపంతో రాత్రి ఉత్తరం రాస్తే, తెల్లారి పోస్టు డబ్బా దాకా నడవాలె. ఆ నడకలో కోపం సగం దిగేది. ఇప్పుడు ఊపిరి దిగకముందే మాట వెళ్లిపోతుంది. చాడీలు, కఠినమైన మాటలు మానడం కూడా సమ్యక్ వాక్కులో భాగాలే. ఆ నడకను ఇప్పుడు మనమే కల్పించుకోవాలె.

పోస్ట్‌మ్యాన్ వేరు, మనం వేరు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ‘నాకు వచ్చింది, నేను పంపాను. నాదేముంది?’ అంటాం. పోస్ట్‌మ్యాన్‌లాంటి వాణ్ని అని మన ఉద్దేశం. కానీ పోస్ట్‌మ్యాన్ మూసిన కవరు తెస్తాడు. లోపల ఏముందో ఆయనకు తెలియదు. ఎవరికివ్వాలో కవరు మీద రాసి ఉంటుంది. మనమో, విప్పి చదివాం. నచ్చింది. ఎవరికి పంపాలో మనమే ఎంచుకున్నాం. ఆ ఎంపికలో మన చేతన ఉంది. చేతననే కర్మ అన్నాడు బుద్ధుడు. కాబట్టి అక్షరాలు ఇంకొకరివైనా, పంపడం అనే పని మనది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. ‘అది నిజమనే నమ్మాను, నలుగురి మేలు కోరే పంపాను, అబద్ధమెట్లా అవుతుంది?’ ఈ మాటను కొట్టిపారేయలేం. అబద్ధానికి నాలుగు అంగాలుండాలని పాలి అట్ఠకథలు చెప్తాయి: విషయం నిజం కాకపోవడం, మోసం చేయాలనే ఉద్దేశం, ఆ ప్రయత్నం, అవతలివాళ్లకు అది అర్థం కావడం. మోసపు ఉద్దేశం లేకపోతే నాలుగో శీలం పూర్తిగా తెగినట్టు కాదు. నిజమే.

అయినా అక్కడితో మనం బయటపడలేం. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయనే పుకారు తెలంగాణలో ఫోన్ల ద్వారా పాకింది. హైదరాబాద్ పాతబస్తీలో ఆ అనుమానంతోనే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. దేశంలో ఇంకా చాలాచోట్ల అట్లాంటి హత్యలే జరిగాక, ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చాట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. ఆ పుకారు పంపినవాళ్లలో ఎక్కువమంది తమ పిల్లల మీద ప్రేమతోనే పంపి ఉంటారు. ప్రేమ ఉంది, ఎరుక లేదు. ధమ్మంలో దీనికి ‘పమాదం’ అని పేరుంది, ఏమరుపాటు అని అర్థం. అబద్ధమాడాలని లేకపోయినా అబద్ధానికి కాళ్లు ఇవ్వొచ్చు.

మజ్ఝిమ నికాయంలోని చంకీ సుత్తం ఇక్కడ దారి చూపుతుంది. ఒక సంగతి మీద నమ్మకం ఉన్నవాడు ‘ఇది నా నమ్మకం’ అని చెప్పినంతవరకు సత్యాన్ని కాపాడుతున్నట్టే. ‘ఇదొక్కటే నిజం, మిగతాదంతా వట్టిది’ అన్నాడో, హద్దు దాటినట్టే. విన్నదాన్ని విన్నట్టుగా, నమ్మినదాన్ని నమ్మకంగా, తెలిసినదాన్ని తెలిసినట్టుగా చెప్పడమే సత్యరక్షణ. ‘నాకు వచ్చింది, నిజమో కాదో నాకు తెలియదు’ అని రాయాల్సి వస్తే, అసలు పంపడం దేనికి అన్న ఆలోచన మనకే వస్తుంది.

విన్న మాటను సంఘం ఎట్లా పరీక్షించింది?

బుద్ధుడి మాటలు కూడా మొదట్లో నోటి నుంచి నోటికి ‘ఫార్వర్డ్’ అయినవే. కొన్ని వందల ఏండ్లు భాణకులు కంఠస్థం చేసి మోశారు. క్రీ.పూ. ఒకటో శతాబ్దంలో గాని శ్రీలంకలో త్రిపిటకం రాతలోకి రాలేదు. అంతకాలం కల్తీని ఎట్లా పట్టుకున్నారు? మహాపరినిబ్బాన సుత్తంలో పద్ధతి ఉంది. ఒకడొచ్చి ‘నేను బుద్ధుడి నోటినుంచే విన్నాను’ అన్నా సరే, వెంటనే మెచ్చుకోవద్దు, వెంటనే తిట్టనూ వద్దు. ఆ మాటల్ని సుత్తంతో, వినయంతో పోల్చి చూడాలె. కుదిరితే తీసుకోవాలె. కుదరకపోతే వదిలేయాలె. చెప్పింది పెద్ద భిక్షువైనా, సంఘమంతా కలిసి చెప్పినా పరీక్ష అదే.

బాబాసాహెబ్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో ఈ సంగతినే ఎత్తుకున్నారు. బుద్ధుడు బతికుండగానే ఆయన మాటలు తప్పుగా ప్రచారమయ్యాయని, అట్లాంటి ఐదు సందర్భాలు చూపించారు. హేతువుకు నిలబడనిది, మనుషుల మేలుకు సంబంధం లేనిది బుద్ధుడికి అంటగట్టొద్దని కొలత ఇచ్చారు.

ఇప్పుడు మన గ్రూపులు తెరిచి చూడండి. బాబాసాహెబ్ ఎన్నడూ అనని మాటలు ఆయన ఫొటో కింద తిరుగుతుంటాయి. బుద్ధుడి పేరుతో ఎవరో రాసిన తియ్యటి వాక్యాలు పొద్దున్నే దిగుతాయి. మనవాళ్లను పొగిడేది కాబట్టి నిజమే అయ్యుంటుందని పంపేస్తాం. అవతలివాళ్ల అబద్ధాన్ని పట్టుకోవడం తేలిక. మనకు నచ్చే అబద్ధం దగ్గరే శీలం తేలుతుంది. ఒక దొంగ మాట బయటపడితే, బాబాసాహెబ్ నిజంగా రాసిన వేల పేజీల మీద కూడా అనుమానపడే అవకాశం మనమే చేతికిచ్చినట్టవుతుంది.

పంపే ముందు

మంచి మాటకు ఐదు గుర్తులని అంగుత్తర నికాయం చెప్తుంది: సమయానికి అన్నది, నిజమైనది, మెత్తనిది, మేలు చేసేది, మైత్రితో అన్నది. ఐదు వేళ్లకు ఐదు గుర్తులు. పంపే వేలు కదిలే ముందు మిగతా నాలుగూ కలిపి ఒకసారి లెక్కపెట్టుకోండి. ‘ఎవరన్నారు? ఎక్కడుంది?’ అని అడగండి. జవాబు దొరకకపోతే ఆ మాట మీ దగ్గరే ఆగిపోనివ్వండి. తప్పు పంపినట్టు తెలిస్తే, పంపిన గ్రూపులోనే ‘అది తప్పు’ అని రాయండి. ఊరికే డిలీట్ చేస్తే చాలదు, చదివినవాళ్ల మనసులోంచి అది పోదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ నేర్పేటప్పుడు ఎట్లా పంపాలో ఒక్కటే కాదు, ఎప్పుడు ఆగాలో కూడా నేర్పండి.

బాబాసాహెబ్ 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ పత్రిక మొదలుపెట్టారు. నోరులేనివాళ్ల నాయకుడని ఆ పేరుకు అర్థం. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక తెచ్చారు. మన మాట నలుగురికి చేరడానికి వాళ్లు అంత కష్టపడ్డారు. ఇవాళ ఆ అచ్చు యంత్రం మన ప్రతి ఒక్కరి జేబులో ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే, అమరావతి స్తూపానికి చెందిన ఒక రాతి మీద దానశాసనం ఉంది. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు విధికుడు తన కుటుంబంతో కలిసి చేసిన దానం అది. అతను చమ్మకారుడు, తోలు పని చేసే మనిషి. తన పని, తన పేరు దాచుకోకుండా స్తూపం రాతి మీద చెక్కించుకున్నాడు. తర్వాత ఎన్నో తరాలు మన చేతిలోంచి అక్షరం లాక్కున్నారు. మళ్లీ ఇప్పుడు చేతికొచ్చింది.

రేపు ఇంకో పనిముట్టు వస్తుంది. ఇప్పటికే యంత్రాలు మనిషి గొంతును, ముఖాన్ని పుట్టిస్తున్నాయి. ఏది వచ్చినా విధికుడి పద్ధతి మనకు సరిపోతుంది. మీ పేరు కింద రాతిలో చెక్కించడానికి సిగ్గుపడని మాటే ఫోన్‌లో పంపండి. మీరు పంపిన మాట మీదే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.