జోగిని అక్కల పక్కన నిలబడే దానం



దానం అనగానే మనకు చీర, దుప్పటి, ఒక ఫోటో గుర్తొస్తాయి. ఈసారి దాన పారమిత గురించి మన వర్ని నుంచే మొదలుపెడదాం.

చెల్లి నిలయం పేరు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నిజామాబాద్ జిల్లాలో జోగిని దురాచారం మీద పోరాడిన హేమలతా లవణం గారు, వారి సంస్కార్ సంస్థ, ఆ అక్కచెల్లెళ్ల కోసం వర్నిలో నడిపిన ఇల్లు అది. ఆమె జాషువా గారి బిడ్డ, గోరా గారి కోడలు. దేవుణ్ణి నమ్మని ఇల్లు వాళ్లది, బౌద్ధులు కారు. అయినా అది ధమ్మం పనే అని నేనంటాను. అలాంటి పోరాటాల వల్లనే 1988లో చట్టం వచ్చింది. దేవత పేరిట ఆడపిల్లను విడవడం నేరమైంది. అట్లా విడిచిన స్త్రీ చేసుకునే పెళ్లి చెల్లుతుందని, ఆమె పిల్లలు సక్రమ సంతానమేనని చట్టం చెప్పింది.

ఎల్లమ్మ పేరు, పోచమ్మ పేరు చెప్పి తాళి కట్టింది ఎవరి పిల్లలకు? మాల మాదిగ ఇండ్ల పిల్లలకు. పేరుకు దేవత సొత్తు, రాత్రికి దొర సొత్తు. ఏ దొర బిడ్డనైనా జోగిని చేసిన్రా?

ఈ పీడ మనకొక్కరికే కాదు. ఆఫ్రికాలో ఘనా దేశం ఉంది. అక్కడి ఎవే ప్రజల్లో ట్రోకోసి అనే ఆచారం. ఇంట్లో ఎవరో చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తమని చిన్న పిల్లను గుడికి అప్పగిస్తారు. ఆ పిల్ల వెట్టి చెయ్యాలి, పూజారికి లొంగి బతకాలి. హక్కుల కార్యకర్తలు కొట్లాడితే 1998లో ఆ దేశం దాన్ని నేరం చేసింది, మన చట్టానికి సరిగ్గా పదేండ్ల తర్వాత. చట్టం వచ్చినా గడప గడపకూ పోయి చెప్పే మనిషి కావాలి. అక్కడైనా, ఇక్కడైనా.

ఆ మనిషికే గండం వచ్చిన ఏడు 2020. బస్సులు బందు, మీటింగులు బందు, బీడీల పని బందు. హాస్టళ్లు మూసేసరికి ఆడపిల్లలు ఇండ్లకు చేరిన్రు. ఇంట్లో తిండికి కష్టమైనప్పుడే మొక్కులు, చిన్నప్పటి పెళ్లిళ్లు తలెత్తుతాయి. ఘనాలోనూ ఆ మార్చిలోనే బడులు మూతపడ్డాయి. అదే ఏడు సెప్టెంబరులో మన దేశంలో విదేశీ విరాళాల చట్టం మారింది. జీతాలు, ఆఫీసు కిరాయి వంటి నిర్వహణ ఖర్చులకు వాడుకునే వాటా 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. బయటి పైసల మీద నడిచే సంస్థలకు మనుషుల్ని నిలుపుకోవడమే కష్టమైంది. ఆ పైసలు తగ్గిననాడు ఆమె వెనుక ఎవరుండాలి? మనం కాదా?

మనోళ్లే కొందరు "వాళ్ల ఖర్మ" అంటరు. దీక్ష తీసుకుని ఈ మాట ఎట్ల వస్తది నోటికి? పోయిన జన్మ పాపం ఈ జన్మలో అనుభవించాలనే సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో తోసిపుచ్చారు. 1936 జూన్‌లో బొంబాయిలో దేవదాసీలు, పోతరాజుల సభకు తానే వెళ్లి, ఆ బతుకు వదిలి రమ్మన్నారు. మతం మారతానని యేవలాలో ప్రకటించి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

అంబపాలిని తలచుకోండి. వైశాలి గణిక. ఆమె భోజనానికి పిలిస్తే భగవానుడు ఒప్పుకున్నాడు. తర్వాత లిచ్ఛవులు పిలిచినా, ముందు మాటిచ్చింది ఆమెకే అన్నాడు. ఆ అవకాశం తమకిస్తే లక్ష ఇస్తామని లిచ్ఛవులు అడిగితే, వైశాలి మొత్తం ఇచ్చినా ఇయ్యనంది. ఆమె ఇచ్చిన మామిడితోటను బుద్ధుడు స్వీకరించాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ కథలో దాత ఆమె! మనం మాత్రం జోగిని అక్కల్ని ఎప్పుడూ చాచిన చేతులుగానే చూస్తున్నం. ఇంకో పిల్లను విడవకుండా ఊర్లల్లో అడ్డుపడుతున్నవాళ్లలో ఒకప్పటి జోగినులే ఉన్నరు. అంతకన్నా పెద్ద దానం మనలో ఎంతమంది చేసిన్రు?

ఉపాసక ఉపాసికలారా, పౌర్ణమి నాడు విహారంలోనో అంబేద్కర్ భవనంలోనో కూడినప్పుడు ఇంటికి పది రూపాయలు తీయండి. కరువొచ్చినాక వెతుక్కోకుండా, మంచి కాలంలోనే నెలనెలా. బస్సు చార్జీకి, ఫోను రీచార్జికి, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగిన రోజు పోయిన కూలికి. పిల్లలకు ఆపద అని తెలిస్తే 1098కి ఫోను చెయ్యడం ప్రతి ఇంట్లో నేర్పండి. డబ్బా తాళంచెవి మాత్రం ఆ అక్కల దగ్గరే ఉండాలె. ఈ నెల ఏ ఊరికి పోతున్నరు, తోడుగా ఎవరం రావాలె అని మనం వాళ్లను అడగాలె.