తెరచాప ఎత్తిన వారు



శౌరి, శౌరయ్య, శౌరమ్మ అనే పేర్లు మన విచారణలలో ఎంతోమందికి ఉన్నవి. ఆ పేరుకు మూలమైన పునీత ఫ్రాన్సిస్ శౌరివారు మన దేశానికి ఎట్లా వచ్చారో మీ పిల్లలకు ఎప్పుడైనా చెప్పారా?

ఇండియాకు గురువులను పంపమని పోర్చుగల్ రాజు కోరినప్పుడు పునీత ఇన్నాసివారు మొదట ఎంపిక చేసినది శౌరివారిని కాదు. ఎంపికైన గురువు జబ్బుపడగా ఆ పిలుపు వీరికి వచ్చింది. చినిగిన బట్టలకు కుట్లు వేసుకొని, ఒక్క రోజు వ్యవధిలో 1540 మార్చిలో రోము విడిచి బయలుదేరారు. 1541 ఏప్రిల్ 7న లిస్బన్ రేవులో ‘శాంతియాగో’ అనే ఓడ ఎక్కారు. సరిగ్గా ఆనాటికి ఆయనకు 35 ఏండ్లు నిండాయి. వెంట సేవకుని ఇస్తామంటే వద్దన్నారు. తన బట్టలు తానే ఉతుక్కొంటానన్నారు.

అది తెరచాపల ఓడ. గాలి వీస్తేనే కదలిక. ఆఫ్రికాలోని గినీ తీరం దగ్గర గాలి పడిపోయింది. 40 రోజులు అందరూ అవస్థపడ్డారు. రెండు నెలలపాటు సముద్రపు వాంతులు తనను వదలలేదని ఆయనే లేఖలో వ్రాశారు. అదను దాటిపోయినందున మొజాంబిక్ లో దాదాపు ఆరు నెలలు ఆగవలసి వచ్చింది. చివరకు 1542 మే 6న గోవా చేరారు. మొత్తం 13 నెలల ప్రయాణం!

తెరచాప గాలిని పుట్టించలేదు. అయితే గాలి ఎంత వీచినా, చుట్టి మూలన పెట్టిన తెరచాప ఓడను నడపలేదు. దేవుని వరప్రసాదం, మన సమ్మతి ఇట్లాంటివే. వరప్రసాదం మన సంపాదన కాదు. సమ్మతించడం మాత్రం మన వంతు.

మరి గాలి ఆగిపోయిన రోజుల మాటేమిటి? జపమాల పట్టుకొంటే మనసు నిలవదు. పూజకు వెళ్లినా హృదయం పొడిగానే ఉంటుంది. ‘దేవుడు నన్ను మరచిపోయాడేమో’ అనిపిస్తుంది. ఆ ప్రయాణంలో శౌరివారు రోగులకు సేవ చేశారు, తోటివారికి జ్ఞానోపదేశం చెప్పారు. ఓడ ఆగినా ఆయన ప్రేమ ఆగలేదు. మన ఇంట్లోనూ మంచం పట్టిన పెద్దవారు ఉంటారు, ప్రార్థనలు నేర్వవలసిన పసివారు ఉంటారు. ప్రార్థన రుచించని రోజున కూడా వారికి మన చేతులు కావాలి గదా!

తల్లిదండ్రులారా, మరొక్క మాట. పంటకు పనివారిని పంపమని మనమందరం ప్రభువును వేడుకొంటాము. పొరుగింటి అబ్బాయి సెమినరీలో చేరితే సంతోషిస్తాము. మన అబ్బాయే వెళ్తానంటే? మన అమ్మాయే మఠంలో చేరతానంటే? ‘మన ఇంటినుంచి మాత్రం వద్దు ప్రభూ’ అని లోలోపల లంగరు వేసుకొని కూర్చోవడం లేదా?

శౌరివారు మరల స్వదేశం చూడలేదు. 1552 డిసెంబరు 3న చీనా తీరాన ఒక దీవిలో, తాను చేరగోరిన నేల కనుచూపు మేరలో ఉండగా కన్నుమూశారు. ఆనాడు ఆయన ‘రేపు చూద్దాం’ అనలేదు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక మీ పిల్లలను దగ్గరకు పిలిచి, ‘ప్రభువు నిన్ను పిలిస్తే మేము అడ్డురాము’ అని చెప్పండి. ఆ ఒక్క మాటతో మీ ఇంటి తెరచాప లేస్తుంది.