తిండిపోతుతనమా, వ్యాధియా?

ఇంటివారందరు నిద్రించిన పిమ్మట ఒకడు వంటయింటిలో చేరి, ఆకలి లేకున్నను, మిగిలిన అన్నమును, పిల్లలకై దాచిన పిండివంటలను గబగబ తినివేయును. ఆపుకొనవలెనని కోరును గాని ఆపుకొనలేడు. పిదప సిగ్గుపడి యేడ్చును. ప్రియులారా, ఇట్టివానిని మనము పాపి యందుమా, రోగి యందుమా?

పూర్వపు సంఘము తిండిపోతుతనమును ఏడు ఘోర పాపములలో నొకటిగా లెక్కించెను. పొరుగువాని ఆకలి నెరిగియు తన విస్తరినే చూచుకొనువాడు దోషియే. అయితే తిండిపోతు తినుటలో సంతోషించును. ఇతడు తినుటవలన దుఃఖించును. తిండిపోతు నలుగురిలో కూర్చుండి తినును. ఇతడు దాగి తినును. ఈ ఇద్దరిని ఒకే పేరుతో పిలుచుట న్యాయము కాదు.

అమెరికా వైద్యుడైన ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లో ఈ స్థితిని వర్ణించెను. 2013లో ఆ దేశపు మానసిక వైద్యులు దీనిని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అను ప్రత్యేక వ్యాధిగా అంగీకరించిరి. వారానికి ఒకసారియైనను, మూడు నెలలపాటు, ఇట్లు అదుపు తప్పి తిని బాధపడుట దాని గురుతు. లావుగా ఉన్నవారికే గాక బక్కవారికిని ఇది రావచ్చును.

“నాలుగు దినములు ఉపవాసముండుము, తిండి అదుపులోనికి వచ్చును” అని కొందరు సలహా చెప్పుదురు. అయితే 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఏమి జరిగినదో వినుడి. ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులను 24 వారములు అరకడుపుతో నుంచెను. వారు మనస్సాక్షినిబట్టి యుద్ధము చేయనొల్లక, కరవుబాధితుల మేలుకొరకు ఈ శ్రమకు తామై ఒప్పుకొనినవారు. అట్టి దృఢచిత్తులలోను కొందరు, తిరిగి అన్నము దొరకినప్పుడు, కడుపు నిండినను తృప్తిలేక తినిరి. కావున ఈ రోగికి పస్తును విధించుట అగ్నికి ఆజ్యము పోయుటయే.

చికిత్స వేరు మార్గమున నడచును. పూట తప్పక వేళకు తినవలెను. ఏమి తినినది, అంతకుముందు మనస్సులో ఏ కోపము, ఏ దిగులు కలిగినది వెంటనే పుస్తకములో వ్రాసికొనవలెను. దుఃఖమును, కలహమును సలహాదారునితో మాటలాడి చక్కబరచుకొనవలెను. అమెరికాలో 205 మందిపై జరిగి 2010లో ప్రచురింపబడిన పరిశోధనలో, బరువు తగ్గించుకొను పద్ధతిని పాటించినవారికంటె ఇట్టి చికిత్సలు పొందినవారే రెండేండ్ల తరువాత ఎక్కువగా ఈ వ్యాధినుండి విడుదల పొందియుండిరి.

వ్యాధి అణగియున్న ఆ స్థితిని వైద్యులు ఉపశమన మందురు. నడుమ ఒక రాత్రి కాలు జారినంతమాత్రమున నడచివచ్చిన దారి యంతయు వ్యర్థము కాదు. మరునాడు ఉదయము ఎప్పటివలె వేళకు భోజనము చేయుటయే లేచి నిలుచుట.

అట్లయిన రోగికి బాధ్యత లేదా? కలదు. వ్యాధి వచ్చుట అతని దోషము కాదు. చికిత్సకు ఒప్పుకొనుట మాత్రము అతని వంతు. మన వంతును కలదు. విందు బంతిలో ఒకరి విస్తరిని చూచి నవ్వకుందము. ఒకరి ఒడలిని గూర్చి పదిమందిలో మాటలాడకుందము. రహస్యముగా మనతో చెప్పుకొనినవాని మాటను దాచి, అతనిని మానసిక వైద్యునియొద్దకు వెంటబెట్టుకొని పోవుదము. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు, 14416కు, ఫోను చేసినయెడల తెలుగులోనే సలహా దొరకును. సిగ్గు ఆ రోగిని చీకటిలో దాచినది. ప్రేమగల ఒక మాట అతనిని వెలుగులోనికి తేగలదు.